ఒక పూట కాపురం

నిన్న మా మనవరాలు బెంగుళూరు నుంచి ఫోను చేసి, అద్దె ఇంటికోసం ఎవరిని అడిగినా, పెళ్ళికాని పిల్లలకు ఇవ్వమంటూ ఫోనులోనే కాదంటున్నారని ఏడ్చేసింది. ఓదారుస్తూనే ఉన్నాను గానీ, డెబ్బైల చివర్లో మదనపల్లెలో ఇంటికోసం నేనూ మావారూ తిరిగిన తిరుగుడంతా కళ్ళముందుకొచ్చింది.

నేను పుంగనూరు దగ్గర రైతు కుటుంబంలో పుట్టి, మదనపల్లెకు నర్సు పనికి వచ్చినదాన్ని. మావారు అక్కడే బడిపంతులు, క్రైస్తవులు. మా పెళ్ళితో మా నాయన నా ముఖం చూడనన్నాడు, అత్తగారూ గుమ్మం తొక్కనివ్వలేదు. పెళ్ళయినవాళ్ళకు నర్సుల హాస్టల్లో చోటు లేదు కనుక, ఆరో నెల కడుపుతో ఇల్లు వెతుక్కోవలసి వచ్చింది. మన కాలంవాళ్ళకు తెలియనిదేముంది, అద్దె మాట కంటే ముందొచ్చే ప్రశ్న ఒకటే: "మీరేమిటోళ్ళమ్మా?" మేం నిజం చెప్పేవాళ్ళం, వాళ్ళు తలుపేసుకునేవాళ్ళు.

చివరికి ఒక ఇల్లాలు, నా కడుపు చూసి కాబోలు, ఏమీ అడగకుండానే పెరటివైపు గది ఇచ్చింది. పొద్దున్నే చేరి పాలు పొంగించాను. చొక్కా తగిలించుకోవడానికి మావారు గోడకు మేకు కొడుతుంటే, ఆ చప్పుడుకే నాకు ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నానికి ఊరి నుంచి దిగిన ఇంటాయన, మా సంగతి ఎవరు చెప్పారో ఏమో, చెప్పులైనా విప్పకుండా వచ్చి మా చాపా గిన్నెలూ వీధిలో పెట్టించాడు. "ఎవురినడిగి ఇచ్చినావే?" అని ఆయన అరుస్తుంటే ఆ ఇల్లాలు తలెత్తలేదు.

వానలో తడుస్తూ బస్టాండు చేరాం గానీ ఏ బస్సెక్కాలో తెలియదు. పుంగనూరు బస్సు వచ్చి నిలబడింది. మావారు నావైపు చూడకుండా, "నువ్వు మీ నాయన కాడికి పో. బిడ్డన్నా నాలుగ్గోడల మధ్య పుడతాది" అన్నారు. నేను కదల్లేదు. బస్సు వెళ్ళిపోయింది. అంతటి నిస్సహాయత మళ్ళీ నా బతుకులో ఎరగను.

అప్పుడు వచ్చింది, పొద్దున పెరట్లో చూసిన ఇంటాయన తల్లి, కొంగు నెత్తిన కప్పుకుని, ముద్దగా తడిసిపోయి. "ఈడుండారా అమ్మా! కుప్పంలో నా చెల్లెలుండాది, ఒంటి మనిషి. నేను పంపించినానని చెప్పండి. నా కొడుకుతో మాత్రం అనబాకండి" అని, ఇల్లెక్కడో చెప్పి, నా కడుపు మీద ఒకసారి చెయ్యి పెట్టి, వెంటనే తిరిగి వెళ్ళిపోయింది.

ఉద్యోగం వదులుకుని కుప్పం చేరాను. ఆ చెల్లెలి పంచనే మా పెద్దవాడు పుట్టాడు. మదనపల్లెలోనే ఉద్యోగం చేస్తూ వారానికోసారి వచ్చే మావారు ఆ రోజు దగ్గర లేరు. బిడ్డనెత్తుకుని వెళ్ళి ఆ పెద్దావిడకు చూపించాలని ఎంత అనిపించినా, కొడుక్కి తెలియకూడదన్న ఆమె మాట కోసం ఆ వీధి తొక్కలేదు. ఎనభైల్లో ఆమె పోయిందని విన్నాను.

ఇప్పుడు మదనపల్లెలో వీధివీధినా అద్దె బోర్డులే. మనుషులు మర్యాదలు నేర్చారు, మొహాన అడగరు. ఆ రోజుల్లో కాదన్నవాళ్ళు ఎదురుగా నిలబడి, మన ముఖం చూసి కాదన్నారు. అందుకే, గెంటేసిన ఇంట్లోంచే ఒక మనిషి వానలో మా వెనకే రాగలిగింది. ఈ కాలంలో ఫోను పెట్టేశాక వెనక ఎవరొస్తారు?