గొట్టంలోకి చూడమన్న మనిషి

మహబూబ్ అలీ గారు ఇక లేరు. సెలవు మీద కోరుట్లలోని ఇంటికి వెళ్ళిన పన్నెండో రోజున, ఫజర్ నమాజు ముగించుకొని చాయ్ కోసం కూర్చున్నవారు కూర్చున్నట్టే కన్నుమూశారు. ఆ కబురు అందేసరికి నేను దోహాలో, ఆఫీసులో ఉన్నాను. "సారూ, నేను మహబూబ్ భాయ్ తమ్మున్ని. భాయ్ పోయిండు. దుబాయ్ల ఉన్న దోస్తులకు జర చెప్పున్రి" అన్నాడు ఫోన్లో ఆయన తమ్ముడు. ఎవరైనా దుబాయ్ అంటే, కాదు ఖతర్ అని సరిదిద్దే అలవాటు నాకుంది. ఆ పూట సరిదిద్దలేదు. ఫోన్ పెట్టేశాక నాకు మొదట తోచింది దుఃఖం కాదు. ఆయన నన్ను ఒకే ఒక పని చెయ్యమన్నారు, నేను చెయ్యలేదు. అదే తోచింది.

ఆయన ఎవరో తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. దోహాలో పాత బజారు వైపు ఉన్న ఒక వేట సామాను దుకాణంలో మహబూబ్ భాయ్ ఇరవై ఏళ్ళకు పైగా తుపాకీలు బాగుచేశారు. కోరుట్లలో సైకిళ్ళు రిపేరు చేసే చెయ్యి అది. ఇక్కడికి దుకాణం ఊడ్చే పనికి వచ్చి, అప్పటి బలూచీ మిస్త్రీ పక్కన నిలబడి చూసి చూసి పని నేర్చుకున్నారు. ఆ మిస్త్రీ వెళ్ళిపోతూ ఆయనకు రెండు అప్పగించాడు: ఒక స్క్రూడ్రైవర్ల పెట్టె, ఒక మాట.

ఆ మాట 'మాఫీ'. ఇక్కడి అరబ్బీలో 'ఏమీ లేదు' అని అర్థం. తుపాకీ బల్ల మీదికి రాగానే గొట్టాన్ని వంచి, వెనక వైపు నుంచి వెలుతురుకు పట్టి చూసి, లోపల గుండు లేకపోతే 'మాఫీ' అని పైకి అనాలి. అన్న తర్వాతే స్క్రూడ్రైవర్ తియ్యాలి. మహబూబ్ భాయ్ ఏ రోజూ 'లోపల గుండు ఉందా' అని ఎవరినీ అడగలేదు. ఎందుకు అడగరని ఒకసారి అడిగాను. "అడిగితే అందరు లేదనే అంటరు సారూ. లేదు అన్న మాటకు కండ్లుండయి" అన్నారు.

ఆయనది మితభాషిత్వమే కాని ముభావం కాదు. మా షూటింగ్ క్లబ్బులో తెలుగువాళ్ళం ఐదారుగురం ఉన్నాం. అనుమతి కాగితం మీద మా పేర్లు, క్లబ్బు లాకర్లలో మా ఎయిర్ రైఫిళ్ళు. రిపేరుకు వెళ్ళినప్పుడల్లా మా గోదావరి యాస విని, "మీరు మాట్లాడుతుంటే పాట పాడినట్టుంటది సారూ, గురి మాత్రం పాటకు దొరకది" అని నవ్వేవారు. నా గురి సంగతి ఆయనకు బాగా తెలుసు. నా రైఫిల్ గురి మరలు సరిచెయ్యడానికి మూడుసార్లు తీసుకెళితే, మూడోసారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికేం రోగం లేదు. మీరే జర డాక్టరుకు చూపించుకోన్రి" అన్నారు.

ఇక నా సంగతి. క్లబ్బులో నేను భద్రతా కార్యదర్శిని. ఉద్యోగంలో కూడా నాది భద్రత చూసే పనే. హెల్మెట్ పెట్టుకోని కూలీని రోజూ మందలించేవాణ్ణి. ఒక శనివారం మధ్యాహ్నం లాకర్లోంచి నా రైఫిల్ తీసి, అనుమతి కాగితంతో ఆ దుకాణానికి తీసుకెళ్ళాను. దాన్ని కారు వెనక సీటు మీద పెట్టాను. ముందు సీట్లో నా భార్య కూర్చుంది. మహబూబ్ భాయ్ గొట్టం వంచారు. సీసపు గుండు ఒకటి జారి బల్ల మీది పచ్చ గుడ్డ మీద పడింది. చప్పుడు కూడా కాలేదు. ఆయన నా వైపు చూశారు. గొట్టాన్ని మళ్ళీ వెలుతురుకు పట్టి చూసి, "మాఫీ" అన్నారు.

దోహాలో పదేళ్ళుగా ఉన్నవాణ్ణి. ఆ మాట రోజుకు పదిసార్లు నా చెవిన పడుతుంది. అయినా ఆ క్షణాన నాకు అరబ్బీ మాట వినిపించలేదు. మన రుణమాఫీలోని మాఫీ వినిపించింది. క్షమించాననే అన్నారనుకున్నాను. "థాంక్స్ భాయ్" అన్నాను. ఆయన ఏమీ అర్థం కానట్టు ఒక్క క్షణం ఆగి, పనిలో పడ్డారు. నేను తేలిక మనసుతో ఇంటికి వచ్చాను. క్లబ్బులో చెప్పలేదు. నా భార్యకూ చెప్పలేదు. క్షమించేశారు కదా, ఇక ఎవరికి చెప్పాలి?

రెండు వారాల తర్వాత మహబూబ్ భాయ్ యజమానిని అడిగి దుకాణం కౌంటర్ మీద ఒక కాగితం అంటించారు. తుపాకీ తెచ్చినవారు తామే గొట్టం తెరిచి, లోపల చూసి, అందరి ముందూ 'మాఫీ' అని పైకి చెప్పాలి. చెప్పనివారికి రిపేరు లేదు, గుండ్లు కూడా అమ్మరు. ఆ కాగితం చదువుతుండగా నాకు ఆనాటి మాట అర్థమైంది. ఆయన నన్ను క్షమించలేదు. గొట్టం ఖాళీగా ఉందని చెప్పారు, అంతే. అక్కడ నా సిగ్గు కోపంగా మారింది.

కోపం నా ఒక్కడిదే కాదు. ఆ శుక్రవారం అల్ ముంతజాలోని ఒక టిఫిన్ హోటల్లో క్లబ్బు తెలుగువాళ్ళం కలిశాం. మా అందరిలో పెద్దవారు ప్రసాద్ గారు దోసె ముందు పెట్టుకొని మరీ ఆవేశపడ్డారు. "బడిపిల్లల్లా నిలబడి పాఠం అప్పజెప్పాలా? నిన్న నా వెనక ఇద్దరు ఫిలిప్పీన్ వాళ్ళు నవ్వారండీ. పైగా మనవాడే మనకి ఇలా చేస్తే ఎలా? లైసెన్సు మనది, తుపాకీ మనది. కొట్టు వాడిదైతే వాడి కొట్టు వాడే చూసుకుంటాడు. మనం కొనడం మానేద్దాం."

"వేటకెళ్ళే ఖతరీ పెద్దాయన కూడా నిలబడి చెప్పాడటండీ" అన్నారు ఒకరు. నిజమే, నేను కళ్ళారా చూశాను. తెల్లగడ్డం ఆయన తన తుపాకీ తెరిచి, చూసి, పసివాడిలా గట్టిగా 'మాఫీ' అని, మర్నాడు దుకాణానికి ఒక ఖర్జూరాల పెట్టె పంపాడు. ఆ సంగతి నేను ఆ బల్ల దగ్గర చెప్పలేదు. "నువ్వు ఇంగ్లీషు బాగా రాస్తావు, ఒక మెసేజ్ రాయి" అన్నారు ప్రసాద్ గారు. రాశాను.

దుకాణాన్ని బహిష్కరించడం తప్పా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఇప్పటికీ తప్పని అనలేను. నచ్చని నియమం పెట్టిన దుకాణానికి వెళ్ళకపోవడం కొనేవాడి హక్కు. తుపాకీ ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. ప్రసాద్ గారి కోపం నిజమైన కోపం, ఆయన అనుకున్నదే పైకి అన్నారు. నాది అలాంటిది కాదు. నేను రాసిన మెసేజ్‌లో ఒక వాక్యం ఉంది: 'మా సభ్యులలో ఒక్కరి వల్ల కూడా ఏనాడూ ఇటువంటి పొరపాటు జరగలేదు.' అందరూ మెచ్చుకున్న వాక్యం అదే. అది చదివే మిగతా క్లబ్బుల వాళ్ళు కూడా మాతో కలిశారు. అది అబద్ధమని లోకంలో ఇద్దరికే తెలుసు.

ఆ రెండో మనిషి ఒకరోజు క్లబ్బు బయట, కార్లు ఆపే చోట కనిపించారు. దుకాణం సామాను ఎవరికో ఇచ్చి వెళుతున్నారు. తప్పించుకోవడానికి దారి లేకపోయింది. "చిట్టీ మీరే రాసిన్రట గదా సారూ" అన్నారు. అవునన్నాను. "ఇంగ్లీషు మంచిగున్నదన్నరు అందరు" అని, కారు తలుపు మీద చెయ్యి పెట్టి ఇంకో మాట అన్నారు. "కొనకపోవుడు మీ ఇష్టం సారూ. గొట్టంల చూడకపోవుడు మీ ఇష్టం గాదు." ఆ గుండు సంగతి ఎత్తలేదు. ఎత్తుతారేమోనని నేను భయపడుతున్నట్టు ఆయనకు తెలిసే ఉంటుంది.

రిపేరు బల్లకు పని ఎక్కువగా మా ఎయిర్ రైఫిళ్ళ వల్లే వచ్చేది. మేం మానేశాక బల్ల ఖాళీ అయింది. తర్వాత జరిగింది దుకాణం కౌంటర్లో కూర్చునే మలయాళీ మిత్రుడు నాకు చెప్పాడు. యజమాని ఆయన్ని పిలిచి, ఉన్నట్టుండి ఈ నియమం ఎందుకు అడిగావు, గుండుతో తుపాకీ తెచ్చింది ఎవరు, పేరు చెప్పు, ఆ పేరు బహిష్కరించినవాళ్ళకు చెప్పి నోళ్ళు మూయిస్తాను అన్నాడట. మహబూబ్ భాయ్ చెప్పలేదు. పోనీ నియమం తీసేద్దామా అంటే, "కాగితం తీస్తే నన్ను గూడ తీసెయ్యి అర్బాబ్" అన్నారట. నా పేరొక్కటి చెబితే ఆయన బల్ల ఆయనకు మిగిలేది. యజమాని ఆ బల్ల ఎత్తేసి, ఆయన్ని మెసైమీర్‌లో ఉన్న తన గోదాముకు పంపాడు. అక్కడ ఎడారి విడిదికి వెళ్ళేవాళ్ళ గుడారాలు, వాటి గుంజలు, తాళ్ళు ఉంటాయి. తుపాకీ లోపల వెంట్రుకవాసి తేడాను వేలితో పసిగట్టే మనిషి, రెండేళ్ళు తాళ్ళ చుట్టలు పేర్చారు.

సెలవు మీద వెళుతున్నారని తెలిసి, బర్వా అల్ బరాహా కార్మికుల వసతిలో ఆయన గదికి వెళ్ళాను. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చాయ్ పోశారు. గోదాము ఎలా ఉందని అడిగాను. "గుడారాల్ల గుండ్లుండయి సారూ, బేఫికర్" అన్నారు. నేను నవ్వలేకపోయాను. ఆనాడు నేను థాంక్స్ ఎందుకు చెప్పానో అప్పుడు చెప్పాను. మాఫీ అంటే క్షమించారనుకున్నానన్నాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, భుజాలు కదిలేలా నవ్వారు. "గందుకేనా? నేను ఇన్నొద్దులు పరేషాన్, గుండు దొరికితే థాంక్స్ ఏంది అని."

నవ్వు ఆగాక అడిగాను. "ఇప్పుడైనా మాఫ్ చెయ్యండి భాయ్."

"నాకు జెప్తే ఏమొస్తది సారూ. నాకు ఎరికున్నదే గదా. ఆళ్ళకు జెప్పున్రి."

"చెబుతాను."

"ముందుగాల గొట్టం ఖాళీ జెయ్యున్రి. సెలవు నుంచొచ్చినంక నేనే జూస్త. జూసి జెప్త, మాఫీనో కాదో."

నెల తర్వాత వస్తానన్నారు. ఆ నెలలో ఏదో ఒక రోజు చెప్పవచ్చనుకున్నాను. క్లబ్బు సమావేశం ఒకటి జరిగింది. లేచి నిలబడి, లాకర్ల తాళాల గురించి మాట్లాడి కూర్చున్నాను. ఇంకా రెండు వారాలకు పైగా ఉంది కదా అనుకుంటుండగా కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది.

క్లబ్బు మిత్రులారా, ప్రసాద్ గారూ, ఆ వాక్యం అబద్ధం. గుండుతో తుపాకీ తీసుకెళ్ళిన సభ్యుణ్ణి నేనే. ఆ నియమం నా వల్ల వచ్చింది, మీ వల్ల కాదు. మీకు దాని మీద కోపం ఉంటే ఉండనివ్వండి, అది మీ ఇష్టం. కాని ఒక పనిమంతుడి బల్లను మనం నా అబద్ధం మీద నిలబడి ఎత్తించాం. భద్రతా కార్యదర్శి పదవికి రాజీనామా పంపాను. ఆ పదవిలోకి ఎవరు వచ్చినా, ఆ కాగితంలోని నియమాన్ని మన క్లబ్బు గోడ మీద అంటించమని కోరుతున్నాను.

మహబూబ్ భాయ్ లాంటి మిస్త్రీలు మళ్ళీ దొరకవచ్చు. ఒకరి తప్పును అంత కాలం మోసి, దాన్ని ఒక్కసారి కూడా వాడుకోని మనిషి నాకు మళ్ళీ ఎదురవుతాడని అనుకోను. ఆయన ఆత్మకు శాంతి కలగాలని ఇంటి పెద్ద వైపు తిరిగి తల వంచినట్టు కోరుట్ల వైపు తిరిగి తల వంచుతున్నాను.

గొట్టం ఖాళీ చేశాను, భాయ్. వెలుతురుకు పట్టి చూసి ఆ మాట చెప్పేవారే లేరు.