పెరటాసి ఆఖరి రోజు కొన్న సూర చేప

2023 నాటి మాట. మదనపల్లెలో నా చేపల అంగడికి అప్పటికి పాతికేళ్లు. మాది సముద్రం కనిపించని ఊరు. చెన్నై రేవు నుంచి బాక్సులు రైల్లో కుప్పం వస్తాయి, అక్కడి నుంచి వ్యానులో పుంగనూరు మీదుగా నా దగ్గరికి. పడవలు రేవులో దించే సరుకును ల్యాండింగ్ అంటారు. ఆ రోజు ల్యాండింగ్ ఎంత, రేటు ఎంత అని ఏజెంటు బాక్సుతో చీటీ పంపుతాడు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట. అంతవరకూ ఆ చీటీలను చదవకుండానే ఇనుప తీగలకు గుచ్చేదాన్ని. సూర, అంటే ట్యూనా, ఒక తీగకు. ముక్కు కత్తిలా పొడుచుకొచ్చే కొమ్ముకోనెం ఇంకో తీగకు. చదువు వచ్చాక నేను మొదట చదివింది పేపరు కాదు, ఆ తీగలనే.

ఆ ఏడు పెరటాసి, అంటే సెప్టెంబరు నడుమ మొదలయ్యే తమిళ నెల, నడుస్తుండగా పుంగనూరు మునెప్ప వచ్చాడు. రెండు ఆవులమ్మి సూర వేపుడు బండి పెట్టుకున్న మనిషి. పెరటాసిలో స్వామి పేరు మీద మా వైపూ, చెన్నైలోనూ చాలామంది నీసు ముట్టరు. నెల పోయిన మర్నాడు అందరూ చేపల మీద పడతారు. కిందటేడు ఆ రోజే రేవులో రేటు ఎగిరింది. మునెప్ప ప్లేటు ధర పెంచాడు, జనం తిట్టి పోయారు.

"ఈసారీ అట్లే అయితే బండి అమ్మేస్తా పెద్దమ్మా. యాల ఈ పని పెట్టుకుంటినో."

"ఏడవమాక. ఆ తీగ దించు" అన్నాను.

టమోటా మండీ చూసి పెరిగినవాళ్లం, రేటు పడితే సరుకు కుప్పపడిందనే అనుకుంటాం. నేనూ అంతే అనుకున్నాను. చీటీలు వేరే మాట చెప్పాయి. కిందటేళ్ల పెరటాసిలో రెండు చేపల ల్యాండింగూ పెద్దగా మారలేదు. బయటి దేశాలకు పోయే కొమ్ముకోనెం రేటు కదల్లేదు. మనవాళ్లు తినే సూర రేటు ఒక్కటే సగానికి దగ్గరగా పడింది. సముద్రం మారలేదు, నోళ్లు మూతపడినాయి.

"ఆఖరి రోజు తెల్లారే కొందాం. మర్నాడు నువ్వు పాత ధరకే అమ్ము" అన్నాను.

"ఒక రోజు ఆగితే సెడిపోదా?"

"ఐసు నిలిస్తే చెడదు. ఐసు పోతే నేనే పారేయిస్తా, నీ ముఖం చూసి వదిలేయను."

ఉత్తమాట కాదు. సూర వేడెక్కితే చూపుకు బాగానే ఉంటుంది, తింటే నోరు మండి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి.

పెరటాసి ఆఖరి రోజు మధ్యాహ్నం కుప్పంలో రైలు గంటకు పైగా లేటు. మునెప్ప తడి గోనెపట్టా భుజాన వేసుకొని ప్లాట్‌ఫారం కొలుస్తున్నాడు.

"కూసో అప్పా, నువ్వు నడిస్తే రైలు వస్తాదా?"

"నువ్వు కూసోనుండావా? నీ కాళ్లు సూడు పెద్దమ్మా."

నిజమే, నేనూ నిలబడే ఉన్నాను.

బాక్సులు దిగగానే మూత తీసి మోచేయి దాకా చేయి దూర్చాను. అడుగున ఐసు గరగరలాడింది. ఒక్కో చేపనూ వేలితో నొక్కాను. కండ గట్టిగా ఉంది, నొక్కితే తిరిగి పైకొచ్చింది. నాలుగు బాక్సులూ అంతే. నా వేళ్లు మొద్దుబారాయి.

"ఏమి పెద్దమ్మా, పారేయాల్నా?"

"మళ్లీ ఐసు పోసి వ్యానెక్కించు."

మర్నాడు పుంగనూరు పోయాను. బండి ముందు వరుస రోడ్డు దాకా ఉంది. నెల రోజులు నోరు కట్టుకున్న ఒక పెద్దాయన ప్లేటు నాకేస్తూ, "ధర పెంచలా, నీకేమైనా పిచ్చా మునెప్పా?" అన్నాడు. మధ్యాహ్నానికి నాలుగు బాక్సులూ ఖాళీ. మునెప్ప అమ్మింది చేపలే, బండి కాదు.

సాయంత్రం అతను నన్నడిగింది ఒక్కటే, చీటీలు గుచ్చుకునేందుకు బారెడు ఇనుప తీగ.

ఇన్నేళ్లూ సముద్రం ఎంత ఇచ్చిందనే అడిగాను. అది సగం లెక్కే. ఈ నెల ఎవరు తినడం లేదు, ఎప్పుడు మళ్లీ మొదలుపెడతారు అనేది మిగతా సగం. అది చెన్నై చీటీలో రాసి ఉండదు, మన వీధిలోనే ఉంటుంది.