మూడో రాజు

లెక్క తెలిస్తే భయం ఉండదని గట్టిగా నమ్మిన వయసది. అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం ఉండేవాళ్లం: నేను, కరీంనగర్ అన్న, కాకినాడ బావ (చుట్టరికం ఏమీ లేదు, అద్దె పంచుకోవడమే బంధుత్వం). ముగ్గురికీ ఒకటే కారు. శనివారం అది ఎవరిదన్నది శుక్రవారం సాయంత్రం పేకాటలో తేలేది. కారు ఎందుకు కావాలో మాత్రం ఎవరూ చెప్పకూడదు. చెబితే జాలి పుట్టి ఆట చెడుతుందని అన్న పెట్టిన నియమం అది.

ఆట పేరు ఒమాహా. చేతికి నాలుగు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు. చేతిలోంచి రెండే, బల్ల మీంచి మూడే వాడాలి. పందెం రాజ్మా గింజలు. నేను ఎవర్నీ అడక్కుండా ఎక్సెల్‌లో ఒక పట్టిక కట్టుకున్నాను. ముక్కలు పంచగానే ఎవరైనా పందెం పెంచితే ఏ చేతితో నిలబడాలి, ఏది పారేయాలి అని. జతకు పది మార్కులు, వరసకు ఆరు, ఒకే రంగుకు నాలుగు. ఇరవై దాటకపోతే పారేయడమే. (నేను పారేసినవి చూసి బావ నాకు ‘చెత్తబుట్ట’ అని పేరు పెట్టాడు.)

ఆ శుక్రవారానికి మర్నాడు ఉదయం ఎనిమిదికి నా డ్రైవింగ్ టెస్ట్. తప్పితే మళ్లీ రెండు నెలలకు గాని అపాయింట్‌మెంట్ లేదు. వచ్చే నెలేమో నా ప్రాజెక్టు బస్సు కూడా వెళ్లని ఊరికి మారుతోంది. గింజలన్నీ పోగొట్టుకున్న బావ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అన్న తన ముక్కలు చూసుకుని నెమ్మదిగా పందెం పెంచాడు. నావి విప్పాను. రాజు, రాజు, రాజు, ఆసు. చిన్నప్పటినుంచి రమ్మీ ఆడినవాడికి పంచడంలోనే ట్రిప్లెట్ వస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పట్టికా అదే మాటంది: మూడు రాజుల్లో మూడు జతలు, వాటికే ముప్ఫై మార్కులు. అన్ని మార్కులు అంతవరకూ ఎప్పుడూ రాలేదు. గింజలన్నీ ముందుకు నెట్టాను.

“సూస్కో తమ్మీ, నువ్వెప్పుడు గిట్ల నెట్టవు,” అని అన్న కూడా సరిపడా పెట్టాడు.

బల్ల మీద రెండు, ఏడు, రాణి పడ్డాయి. నా రాజుల జతే పైన. నాలుగోది ఆరు. ఇంకా నాదే. కూర అడుగంటుతున్న వాసన వస్తోంది, బావ కదల్లేదు. అయిదోది పది. అన్న తన ఎనిమిదిని, తొమ్మిదిని మెల్లగా పక్కపక్కన పెట్టాడు. ఆరు నుంచి పది దాకా వరస. ఆటలో జత కన్నా వరసే పెద్దది.

తర్వాత నేను పరిచిన ముక్కలకేసి చూశాడు. “మూడు రాజులల్ల ఇద్దర్నే వాడాలె గద. మూడోడు ఖాళీగ కూసున్నడు. పైగ నీకు బల్ల మీదికి రావాల్సినోన్ని నువ్వే చేతుల పట్టుకున్నవ్.”

నా అపాయింట్‌మెంట్ కాగితం ఎప్పుడు చూశాడో మరి, “రేపు వాడికి టెస్టండీ,” అన్నాడు బావ.

“ఎన్నింటికి?”

“ఎనిమిదికి,” అన్నాను.

“మీ వదిన ఫ్లైట్ పదకొండుకు దిగుతది. నిన్ను తీస్కపోయి, అట్నుంచటే పోత. గన్ని లెక్కలేసినవ్, ఒక్క మాట అడగకపోతివి.”

“నియమం పెట్టింది నువ్వే కదన్నా.”

“ఆట అయ్యేదాంక. ఆట అయినంక నోరుంటది గద.”

టెస్ట్ పాసయ్యాను (పార్కింగ్ చేస్తుంటే కోన్ ఒకటి ఊగింది గాని పడలేదు). ఆ పట్టిక ఇప్పటికీ నా దగ్గరుంది. మూడు రాజులకు ఎదురుగా సున్నా దిద్దాను. ఇన్నేళ్లొచ్చినా, ఎవరినైనా ఏదైనా అడగాలంటే ముందు ఎక్సెల్ తెరుస్తాను. అప్పుడు ముప్ఫై మార్కులు చూసి మురిసిపోయిన ఆ కుర్రాడు గుర్తొచ్చి, నవ్వుకుని, ల్యాప్‌టాప్ మూసి, ఫోన్ అందుకుంటాను.