టైపు సార్ తెచ్చిన కార్డు

హన్మకొండలో మా టైపు సార్‌కు ఒక అలవాటుండేది. ఏదైనా తేల్చుకోవాల్సి వస్తే కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, "ఎవ్వరి కోసం?" అని తనను తానే ప్రశ్నించుకునేవారు.

ఎనభైల చివర ఆయన చవక ప్రాసెసర్ ఒకటి కొని తన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ బిగించారు. తెర మీదికి బొమ్మను పంపే కార్డు ఒక్కటే మిగిలింది. కలర్ కార్డు తెస్తే కారు పందెం ఆడొచ్చని కాలేజీ పిల్లలు ఉబలాటపడ్డారు. వాళ్ళకంటే ఎక్కువ సారే ఉబలాటపడ్డారు. నేను ఉద్యోగం కోసం టైపు నేర్చుకునేదాన్ని, ఇక కంప్యూటర్ మీదా నేర్చుకోవాలి. చూపు తక్కువ కావడంతో కాగితానికి ముక్కు ఆనించి టైపు చేసేదాన్ని.

సార్ హైదరాబాద్ వెళ్ళి, కలర్‌దీ, ఒకే రంగుదీ రెండు రకాల కార్డులూ దుకాణంలో పెట్టించి చూసి, ఒకే రంగు చూపే కార్డు తెచ్చారు. పిల్లలు అలిగి వెళ్ళిపోయారు.

"ఇదెందుకు తెచ్చిన్రు సార్?" అన్నాను.

"కలర్ దాంట్ల అక్షరాలు మసకగున్నయ్ బిడ్డా. ఆట లేకుంటే నాకేం గాదు. అక్షరం కనవడకుంటే నీకు నౌకరెట్లొస్తది?"

నాకు నౌకరి వచ్చిన రోజు ఆయన ఇన్‌స్టిట్యూట్‌కు తాళం వేసి, కలర్ కార్డున్న ఆ దుకాణంలో కారు పందెం ఆడుకోవడానికి హైదరాబాద్ బస్సెక్కారు.