అవ్వ ఆకు మానేసిన వారం

నా చిన్నప్పుడు, 1989 డిసెంబరు 11, సోమవారం ఉదయం ఆరున్నరకు, మా అవ్వ నా చేతికి బొగ్గుముక్క ఇచ్చి, మా నాన్న, అంటే బాపు, దగ్గినప్పుడల్లా వంటింటి గోడ మీద ఒక గీత గీయమంది. ఆయన నిద్ర లేచినప్పటి నుంచి స్నానానికి వెళ్లేదాకా లెక్క. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

మాది జిన్నారం పక్క ఊరు. బోరు ఎండిపోయాక బాపు రసాయనాల కార్ఖానాలో చేరి రెండేళ్లయింది. దగ్గు పట్టుకుని ఏడాది. ఆయన తల్లే మా అవ్వ. అడ్డసరం ఆకు, మిరియాలు, అల్లం వేసి ఆమె కాచే కషాయం కోసం చుట్టుపక్కల ఊళ్ల వాళ్లూ వచ్చేవారు. నా జలుబు దగ్గు దానితోనే పోయిందని నేను గొప్పలు పోతే, "ఏం తాగని పక్కింటి పోరికి సుత వారానికే పాయె గదనే," అని నవ్వేది. సొంత మందును అంతగా అనుమానించే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మొదటి వారం రోజూ కషాయం తాగినా ఏ రోజూ గీతలు ముప్పైకి తక్కువ కాలేదు. రెండో వారం మరమ్మతుల కోసం కార్ఖానా మూశారు. ఆ వారమంతా అవ్వ, బాపుకు చెప్పకుండా, ఆకు మానేసి మిరియాలు వేసిన వేడి బెల్లం నీళ్లే ఇచ్చింది. గీతలు పదకొండుకు దిగాయి. "ఈ తాప మందు మస్తు పనిజేసిందమ్మా," అని బాపు మురిసిపోయాడు. మూడో వారం ఆయన పనికి వెళ్లాడు. ఆమె ఆకు రెట్టింపు చేసింది. గీతలు మళ్లీ ముప్పై దాటాయి.

డిసెంబరు 31, ఆదివారం, అవ్వ కొడుకును గోడ ముందు నిలబెట్టి జరిగినదంతా చెప్పింది.

"నా ఆకుతోని అయ్యేది గాదు కొడుకా. గా కార్ఖానా గాలి ఇడిస్తేనే నీ దగ్గు ఇడుస్తది. దవాఖానకు పోయి సూపిచ్చుకో, ఆ పని బంద్ జెయ్యి."

"బంద్ జేసి? పొయ్యి మీద రోజూ నీ ఆకే ఉడకవెడ్తవా?"

బాపు మరో మూడేళ్లు అదే పనికి వెళ్లాడు. కారణం తెలిసి కూడా, మూడేళ్లు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పాకే మానేశాడు. అవ్వ మాత్రం ఆ ఆదివారం నుంచి మందుకు వచ్చిన ప్రతివారినీ "ఏడ పనిజేస్తవు?" అని ముందుగా అడిగేది, కార్ఖానా అన్నవాళ్లను ఆకు ఇవ్వకుండా దవాఖానకు పంపేది. ముసల్దానికి మందు మరుపొచ్చిందని ఊళ్లో అనుకున్నారు.

పోయినవి: బాపు చేజేతులా ఇచ్చిన మూడేళ్లు, మెట్లెక్కగలిగే ఊపిరి, అవ్వకు ఊళ్లో ఉన్న పేరు. దక్కినవి: ఆ తర్వాత బాపు మాతో గడిపిన పద్నాలుగేళ్లు, ఏది నమ్మాలని మనసు తొందరపడుతుందో దాన్నే ముందుగా అనుమానించే నా అలవాటు.