రెండు నుంచి మూడు దాకా

ఒట్టు పెట్టుకోకూడదని మాకు చిన్నప్పుడే నేర్పారు. అందుకే పెట్టను. జరిగింది జరిగినట్టు చెబుతాను... నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

నేను చదివింది ఐదో తరగతి. అయినా జమ్మలమడుగులో నాపరాళ్ల లారీ ఎదురుగా నిలబడితే, టేపు తీయకుండానే ఎన్ని చదరపుటడుగులో చెప్పేస్తాను. లెక్క తప్పను. అందుకే మా సంఘంలో గొలుసు ప్రార్థన పెట్టినప్పుడల్లా ఎవరి గంట ఎవరిదో పట్టీ రాసేది నేనే.

గొలుసు ప్రార్థన అంటే సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా, గంటకొకరు. గదిలో లైటు ఉండదు. రోగి నెత్తిన చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థించాలి. గంట కాగానే తర్వాతి మనిషి వచ్చి మన చేతి మీద చెయ్యి పెడతాడు. అప్పుడే మన చెయ్యి కింద నుంచి లాక్కోవాలి. రోగి నెత్తి ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు. గది దాటేదాకా కళ్లు తెరవకూడదు.

ఆ రోజు రోగి మా అక్క రూతమ్మ. ఆమెది ప్రొద్దుటూరు. పద్నాలుగేళ్ల షుగరు. రోజుకు రెండు ఇన్సులిన్ సూదులు. గురువారం ఉపవాస కూటంలో సంఘ పెద్ద, ఇక సూది అక్కర్లేదు, ఆదివారం నువ్వే లేచి రోగం పోయిందని సాక్ష్యం చెబుతావన్నాడు. అక్క ఆపేసింది. శనివారం సాయంత్రానికి ఐదు సూదులు తప్పాయి. లెక్కపెట్టింది నేనొక్కడినే. పైకి అనలేదు.

ఆ సాయంత్రం అక్క భయపడుతూ పెద్దను అడిగింది, ఒక్క సూది వేసుకోవచ్చా అని. ఆయన నవ్వాడు.

"సూదినే నమ్ముకుంటే ఇంతమంది మోకాళ్లూనేది యాలమ్మా? అందర్నీ ఇండ్లకు పంపిచ్చేదా?"

అందరూ నవ్వారు. పాపం, అక్కా నవ్వింది.

పెద్ద ప్రార్థన మొదలుపెట్టించి వెళ్లిపోయాడు. పట్టీలో ఉన్నవాళ్లం వసారాలో చాపలు వేసుకున్నాం. నా వంతు ఒకటి నుంచి రెండు. లోపలికి పోయి అక్క నెత్తిన చెయ్యి పెట్టాను. నుదురు పొడిగా ఉంది. నోట్లో నుంచి మాగిపోయిన పండు వాసన. ఊపిరి పెద్దగా, గబగబా... లెక్కపెట్టాను. నిమిషానికి ముప్పై నాలుగు.

ఒంటిగంటా ముప్పై ఒకటికి అక్క మాట్లాడింది. టైము ఎలా తెలుసంటే, వాచీ ముల్లు చీకట్లో మెరుస్తుంది. కళ్లు తెరవకూడదు... తెరిచాను.

"తమ్ముడూ... సూది ఫ్రిజ్జులోనే ఉంది. తెచ్చి ఎయ్‌రా. ఎవురికీ చెప్పొద్దు."

వంటిల్లు పదడుగుల దూరం. పోయి రావడానికి ఒక నిమిషం. కానీ నెత్తి మీద నుంచి చెయ్యి తీయాలి కదా.

"రెండింటికి చెయ్యి మారుతాదక్కా. ఇంక ఇరవై తొమ్మిది నిమిషాలే. అప్పుడు తెస్తా," అన్నాను.

మళ్లీ కళ్లు మూసుకున్నాను.

సరిగ్గా రెండు. అడుగుల చప్పుడు లేదు... తలుపు చప్పుడు లేదు... నా చేతి మీదికి ఒక చెయ్యి వచ్చింది. బరువుగా. చల్లగా కాదు, వెచ్చగానూ కాదు. మధ్యాహ్నం నీడలో పెట్టిన రాయిలాగా. నా చెయ్యి లాక్కున్నాను. కళ్లు మూసుకునే బయటికి వచ్చాను. ఈసారి కట్టుబాటు తప్పలేదు.

వంటింట్లో ఫ్రిజ్ తెరిచాను. సూదిలోకి మందు ఎక్కించుకుని గది గుమ్మం దగ్గరికి వచ్చాను. లోపల చీకటి. నేను నోరు తెరవకముందే...

"తగ్గిపోయిందప్పా."

అంతే. మెల్లగా. ఆడగొంతో మగగొంతో ఇప్పటికీ చెప్పలేను. చెవి పెట్టాను. నిజమే... ఆ గబగబ ఊపిరి లేదు. గది నిమ్మళంగా ఉంది. ప్రభువు విన్నాడనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. సూదిని మళ్లీ ఫ్రిజ్జులో పెట్టేశాను.

వసారాలోకి వచ్చాను. పడుకున్నవాళ్లను లెక్కపెట్టడం నా అలవాటు. పది మంది. నాతో పదకొండు. లోపల ఒకరు. పన్నెండు గంటలకు పన్నెండు మంది. లెక్క సరిపోయింది. చాప గది తలుపుకు అడ్డంగా వేసుకుని పడుకున్నాను. నన్ను దాటకుండా ఎవరూ బయటికి రాలేరు.

మూడింటికి సామ్యేలు లేచాడు. మా పిన్ని కొడుకు, పులివెందుల నుంచి వచ్చాడు. నన్ను దాటుకుని లోపలికి పోయి, వెంటనే తిరిగొచ్చాడు.

"అన్నా... అక్క నెత్తిన ఎవురి చెయ్యీ లేదు. అక్క చల్లగైపోయింది. రెండింటికి ఎవురుండిరి లోపల?"

లైట్లు వేశారు. అందరూ లేచారు. పది మందీ వసారాలోనే ఉన్నారు. గదికి వేరే తలుపు లేదు. కిటికీకి ఊచలు. గోడకు అంటించిన పట్టీ దగ్గరికి పోయాను. ఒకటి నుంచి రెండు, నా పేరు. దాని కింద... మూడు నుంచి నాలుగు, సామ్యేలు. వేలు పెట్టి పేర్లు లెక్కపెట్టాను. పదకొండు. మళ్లీ లెక్కపెట్టాను. పదకొండే. రెండు నుంచి మూడు దాకా నేను ఎవరినీ రాయలేదు.

సమాధి దగ్గర పెద్ద అన్నాడు, గొలుసులో ఒక లంకె తెగిందని. అందరూ నా వైపు తిరిగారు. తట్టుకోలేక ఆ చెయ్యి సంగతి, ఆ మాట సంగతి చెప్పేశాను. పెద్ద ముఖం మారింది. ఇప్పుడు పులివెందుల కూటాల్లో అదే సాక్ష్యం. మనిషి మరిచిన గంటను దేవదూత నింపిందని, రూతమ్మ బాధ తగ్గించి తీసుకుపోయిందని. వింటూ ఏడుస్తారట.

సూది సంగతి అక్క భర్తకు, మా బావకొక్కడికే చెప్పాను.

"దూతైతే సూది ఎయ్యమంటుండె," అన్నాడు. తర్వాత నాతో మాట్లాడలేదు.

అది దూతో, ఇంకేదో... నా బుద్ధే నన్ను మోసం చేసిందో. తెలియదు. ఇంకొకటి కూడా తెలియదు. గుమ్మంలో నిలబడినప్పుడు అక్కకు ఊపిరి ఉందా? రాత్రంతా అన్నీ లెక్కపెట్టినవాణ్ని. ఆ ఒక్క నిమిషం... చెవి పెట్టాను గానీ లెక్కపెట్టలేదు.