డార్విన్ కాఫీ పాట్ మీద నా నివేదిక

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, నవంబరు రెండో వారంలో, మెల్‌బోర్న్ నుంచి నన్ను ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న డార్విన్ ఊరికి పంపారు. అప్పటికి నేను ఒక వేలం సంస్థలో వెండి విభాగానికి సీనియర్ వాల్యూయర్‌ని. పాత వెండి సామాను ఏ కాలానిది, అసలుదా నకిలీదా, ఎంత దెబ్బతింది అని తేల్చి సంతకం పెట్టడం నా పని. ఈసారి అడిగింది బీమా కంపెనీ. తొంభై దాటిన ఒక పెద్దాయన ఇంట్లో పద్దెనిమిదో శతాబ్దం చివరినాటి టీ, కాఫీ సెట్టు ఉంది. అందులో కాఫీ పాట్‌ను క్లీనర్ పాడుచేసిందని ఆయన కొడుకు ఫిర్యాదు.

క్లీనర్ అన్నది ఆ కొడుకు మాట. ఆమె వృద్ధుల సంరక్షణ సంస్థ పంపిన కేర్ వర్కర్. పేరు సుజాత, కావలి దగ్గరి అమ్మాయి. ఆ సంస్థ స్పాన్సర్ చేసిన వీసా మీద ఉంటోంది. ఉద్యోగం పోతే వీసా కూడా పోయినట్టే. ఈ సంగతులన్నీ కాగితాల్లో ముందే చదివాను. విమానం ఎక్కినప్పటి నుంచే నాకు ఇబ్బందిగా ఉంది. ఇద్దరం తెలుగువాళ్లం కావడమే ఆ ఇబ్బంది.

సామాను భోజనాల బల్ల మీద సర్ది ఉంది. టీ పాట్, కాఫీ పాట్, చక్కెర గిన్నె, పాల జగ్గు. నియోక్లాసికల్ పద్ధతి అంటే గ్రీకు, రోమన్ కలశాల పోలిక. సన్నని పీఠం, అంచుల వెంట పూసల వరస, నడుమ వేలాడే పూలదండలు. ఆ దండల్ని బ్రైట్ కట్ అనే పనితనంతో చెక్కేవారు. నునుపు చేసిన ఉలిని ఏటవాలుగా పట్టి వెండిని కోస్తే గీత లోపలి గోడలు అద్దంలా మెరుస్తాయి. టీ పాట్ మీద ఆ మెరుపు చెక్కుచెదరలేదు. కాఫీ పాట్ మీద దండలు మొద్దుబారి ఉన్నాయి, ఒళ్లంతా సన్నని గీరలు. ముప్పయ్యేళ్ల కిందట మా సంస్థే ఇచ్చిన నివేదికలో మాత్రం నాలుగూ ఒకే స్థితిలో ఉన్నట్టు రాసి ఉంది.

ఎలా తోమేవారని బీమా ఆఫీసరు సుజాతను అడిగాడు. ఆమె ఏమీ దాచలేదు. డార్విన్ సముద్రపు ఒడ్డున చింతచెట్లకు కొదవ లేదు. రాలిన కాయలు ఏరుకొచ్చి, నానబెట్టి, ఆ గుజ్జులో ముగ్గుపిండి కలిపి, కొబ్బరి పీచుతో తోమేదట. పెద్దాయన రోజూ మధ్యాహ్నం ఆ పాట్‌లోని కాఫీయే తాగేవాడు కనుక రోజూ అదొక్కటే తోమింది. మా అమ్మ కూడా వెండి అలాగే తోమేది. ఆ మాట నేను అక్కడ పైకి అనలేదు.

ఆఫీసరు ఫోన్ మాట్లాడుతూ వరండాలోకి వెళ్లగానే ఆమె దగ్గరికి వచ్చింది. “అంకుల్, మనింట్లో వెండి గళాసులు అట్నే గదా తోమతాం. తాతకి ఆ పాట్‌లో మొహం కనపడితే హ్యాపీగా నవ్వతాడు. డ్యామేజ్ అని రిపోర్ట్‌లో రాస్తే నా జాబ్ పోద్ది అంకుల్. కొంచెం సరిగ్గా చూడండి” అంది.

ఉన్నది ఉన్నట్టు రాస్తానని నేను ఇంగ్లీషులో జవాబిచ్చాను. ఆమె తల ఊపింది. నాకు సిగ్గేసింది, అయినా ఆ ఇంగ్లీషు వదల్లేదు.

మా పరీక్షలకు ఒక వరస ఉంది. మొదట తూకం, తర్వాత హాల్‌మార్కులు, తర్వాత అతుకులు, చివరికి దెబ్బలు. వెండి స్వచ్ఛత, ఊరు, ఏడాది, పనివాడు ఎవరన్నది తెలిపే చిన్న ముద్రలే హాల్‌మార్కులు. అతుకుల పరీక్షకు పరికరం అక్కర్లేదు. వెండి మీద నోటితో ఆవిరి ఊదాలి. టంకం వేసిన చోట ఆ మసక వేరే తీరుగా పట్టి, కంటికి ఆనని అతుకు గీతలా బయటపడుతుంది. టీ పాట్‌కు, గిన్నెకు, జగ్గుకు ఊదాను. కాఫీ పాట్ చేతిలోకి తీసుకునేసరికి ఆఫీసరు, కొడుకు వచ్చి నా పక్కనే నిలబడ్డారు. గుమ్మంలో సుజాత ఉంది. ముద్రలు స్పష్టంగా ఉన్నాయి, పాత నివేదిక ఉండనే ఉంది. ఇంకా దాన్ని తిరగేసి ఊదుతూ కూర్చుంటే తెలుగామె కోసం సాకు వెతుకుతున్నాననుకుంటారని పాట్ కింద పెట్టేశాను. ఇటీవలి రాపిడి వల్ల చెక్కడం శాశ్వతంగా అరిగిపోయిందని రాసి సంతకం చేశాను.

మూడు వారాల్లో ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ సంగతి ఆఫీసరే ఫోన్ చేసి చెప్పాడు.

ఏడాది తిరక్కుండానే పెద్దాయన పోయాడు. సెట్టు అమ్మకానికి మా దగ్గరికే వచ్చింది. జాబితా రాయడానికి కూర్చుని కాఫీ పాట్ అడుగున ఊదాను. ముద్రల చుట్టూ గుండ్రటి గీత తేలింది. ఏదో చిన్న పాత వస్తువు నుంచి ముద్రలున్న ముక్క కోసి అక్కడ అతికారు. ఆ పాట్ ఆ కాలానిది కానే కాదు. పాత నివేదిక రాసినవారూ ఊదలేదన్నమాట. అప్పుడు దండల్ని భూతద్దం కింద పెట్టాను. తోమితే గీతల అంచులు అరుగుతాయి, లోతున ఉలి మెరుపు మిగులుతుంది. ఇక్కడ లోతులోనూ మెరుపు లేదు. ఆ దండల్ని ఎవరూ ఉలితో చెక్కలేదు, అచ్చుతో ఒత్తారు. అవి పుట్టుకతోనే మొద్దు. పాత నివేదికలో అదీ గమనించలేదు, డార్విన్‌లో నేనూ గమనించలేదు. సుజాత చేతి వల్ల పడ్డవి పైపై గీరలు మాత్రమే. మా వర్క్‌షాపులో ఒక పూట మెరుగుపెడితే పోయాయి.

సవరించిన నివేదిక ఆ రోజే పంపాను. బీమా కంపెనీ అందిందని రాసింది. సంరక్షణ సంస్థ ఆ ఫైలు మూసేశామంది. ఆమె అప్పటికే దేశం వదిలి వెళ్లిందని, చిరునామా ఇవ్వడం కుదరదని చెప్పారు. కాగితాల్లో ఉన్న ఫోన్ నంబరు పనిచేయలేదు.

రిటైరయ్యేదాకా నా కింది ఉద్యోగులకు ఒకటే చెబుతూ వచ్చాను. ఎదురుగా ఎవరున్నారో చూసి పరీక్షల వరస మార్చకూడదు. మనవాళ్లని వెనకేసుకొచ్చాడన్న మాట పడకూడదని నేను జాగ్రత్తపడ్డాను. సరిగ్గా చూడమని తప్ప ఆమె నన్ను ఇంకేమీ అడగలేదు. ఆమె తెలుగామె కాకపోయుంటే ఆ ఊదే పరీక్ష తప్పకుండా చేసి ఉండేవాణ్ని.